విలువ కట్టే విద్య

ఒక పాత కాసులపేరును ఒకే రోజు మూడు చోట్ల చూపిస్తే మూడు ధరలు చెబుతారు. మూడూ నిజాయితీగా చెప్పినవే కావచ్చు. నగ తూకం 80 గ్రాములు అనుకుందాం. కాసుల వెనక లక్క, గుచ్చిన దారం, రాళ్ళు కలిపి 4 గ్రాములు తీసేస్తే నికరం 76 గ్రాములు. గీటు పెడితే 20 క్యారెట్లని తేలింది. పాత నగల్లో ఇది మామూలే. లెక్క సులువు కోసం 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలనుకుంటే, ఈ నగలో ఉన్నది 69 గ్రాముల 22 క్యారెట్ల బంగారంతో సమానం, అంటే 6 లక్షల 90 వేలు. తాకట్టు పెట్టుకునే బ్యాంకులో అప్రైజర్ ఇక్కడితో ఆగిపోతాడు. అందులో ముప్పాతిక వంతు దాకా అప్పు పుడుతుంది. పాత బంగారం మార్చుకునే దుకాణం అదే మొత్తంలోంచి కరిగింపు తరుగు కోసుకుంటుంది. బీమా లెక్క మాత్రం వేరు. నగ పోతే అలాంటిది మళ్ళీ చేయించుకోవడానికి ఎంతవుతుందన్నది అక్కడ ప్రశ్న. 76 గ్రాముల 22 క్యారెట్ల బంగారం, దాని మీద తరుగు, మజూరీ కలిపి 18 శాతం, ఆపైన 3 శాతం జీఎస్టీ వేస్తే 9 లక్షల 23 వేలు దాటుతుంది.

నాలుగో ధర కూడా ఉండొచ్చు. కాసుల్లో కొన్ని అచ్చు లక్ష్మీదేవి బిళ్ళలు కాక నిజంగా విజయనగర కాలపు వరహాలైతే, ఒక్కొక్కటి సుమారు 3.4 గ్రాముల ఆ నాణేన్ని సేకర్తలు బంగారం ధరకు మించి కొంటారు. అయితే దానికి కొక్కెం అతికించిన కంసాలి తెలియకుండానే ఆ అదనపు విలువలో చాలా భాగం చెరిపేసి ఉంటాడు. అతుకు పడిన నాణెం సేకర్త దృష్టిలో దెబ్బతిన్న నాణెం.

అందుకే మదింపు చేసేవారు మొదట అడగవలసింది వస్తువు గురించి కాదు, విలువ ఎందుకు కట్టించుకుంటున్నారని. ఆస్తి పంపకాలకు, పన్నుకు కావలసింది న్యాయమైన బజారు విలువ: తొందర లేని అమ్మకందారు, బలవంతం లేని కొనుగోలుదారు, ఇద్దరికీ వస్తువు సంగతులు తెలిసి ఉండగా కుదిరే ధర. అమెరికా పన్నుల శాఖ వారసత్వ ఆస్తుల విషయంలో వాడే నిర్వచనం దాదాపు ఇదే. ఆ శాఖ కళాఖండాల ధరలు సరిచూసేందుకు 1968లోనే నిపుణుల సంఘాన్ని పెట్టుకుంది. భారతదేశంలో మరణానంతర ఆస్తి పన్ను 1985లో రద్దయింది కనుక ఇక్కడ తండ్రి పోయాక కొడుకు పన్ను కోసం విలువ కట్టించాల్సిన పని లేదు. అన్నదమ్ముల పంపకం, కోర్టు దావా, బీమా, చివరికి అమ్మినప్పుడు పడే మూలధన లాభాల పన్ను, ఇవే అవసరాలు. ఈ చివరి దానిలో ఒక మెలిక ఉంది. తాతల నాటి నగను ఇప్పుడు అమ్మితే, కొన్న ధరకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి బజారు విలువను ఆధారంగా తీసుకోవచ్చు. అంటే వాల్యూయర్ పాతికేళ్ళు వెనక్కి వెళ్ళి, పది గ్రాములు నాలుగు వేల పైచిలుకు ఉన్న నాటి ధరలతో ఇప్పటి నగను తూచాలి.

నిర్వచనం మీద ఎంత డబ్బు ఆధారపడి ఉంటుందో చూపిన వ్యవహారం న్యూయార్క్‌లో జరిగింది. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1959లో చేసిన ‘కాన్యన్’ అనే కళాఖండంలో ఒక బోడి గద్దను, చంపి గడ్డి కూరిన దాన్ని, అతికించారు. అమెరికా జాతీయ పక్షిని ఏ రూపంలోనైనా అమ్మడం అక్కడి చట్టం ప్రకారం నేరం. దాని యజమానురాలు ఇలియానా సోనాబెండ్ 2007లో చనిపోయినప్పుడు, అమ్మడానికి వీల్లేని వస్తువుకు బజారు విలువ సున్నా అని వారసుల తరఫు మదింపుదారులు రాశారు. పన్నుల శాఖ మాత్రం 6.5 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి 2.9 కోట్ల డాలర్ల పన్ను అడిగింది. చివరికి 2012లో దాన్ని ఆధునిక కళల మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేసేలా రాజీ కుదిరింది. సున్నాకూ ఆరున్నర కోట్లకూ మధ్య తగాదా పడినవారు చూసింది ఒకే వస్తువును, అదీ ఏ నకిలీ అనుమానమూ లేనిదాన్ని.

తెలుగు నేలకు సంబంధించి ఇలాంటి చిక్కు విశాఖపట్నం దంతపు పెట్టెలది. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖ పనివారు చందనపు చెక్క మీద ఏనుగు దంతపు రేకులు పరచి, వాటి మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి పెట్టెలు, బల్లలు చేసేవారు. ఇంగ్లండుకు వెళ్ళిన ఆ సామాను లండన్ వేలాల్లో ‘విజగపటం’ పేరుతో నేటికీ పలుకుతుంది. ఇండియాలో దంతం వ్యాపారం నిషిద్ధం. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022లో అమల్లోకి వచ్చాక, నిర్ణీత మినహాయింపుల్లోకి వచ్చే పాత వస్తువులే అమ్ముకోవాలి. ఒకే పనివాడు చేసిన రెండు పెట్టెల్లో మినహాయింపు దొరికినదానికి ఒక ధర, దొరకనిదానికి అసలు ధరే లేదు.

ప్రయోజనం తేలాక అసలు పరీక్ష మొదలవుతుంది. అందులో మొదటిది తూకం, అది కనిపించినంత సులువు కాదు. పాత వీలునామాలో ‘ఇరవై తులాల వడ్డాణం’ అని ఉంటుంది. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు బజారులో తులమంటే 10 గ్రాములు. ఇరవై తులాలు అప్పటి లెక్కలో 233 గ్రాములు, ఇప్పటి లెక్కలో 200. తూస్తే 230 గ్రాములు వచ్చిన వడ్డాణాన్ని చూసి ‘రాసినదానికంటే ముప్ఫై గ్రాములు ఎక్కువుంది’ అని ఒకరు సంబరపడితే, నిజానికి అది అరుగుదలతో మూడు గ్రాములు తగ్గి ఉంటుంది. కోస్తాలో కాసు అంటే 8 గ్రాములు. ఆ లెక్క సవరం నుంచి వచ్చింది. బ్రిటిష్ సవరం కచ్చితమైన బరువు 7.988 గ్రాములు.

తర్వాత వన్నె. గీటురాయి పరీక్ష చాలా పాతది, చవకైనది. నున్నటి నల్లరాయి మీద నగను రుద్దితే బంగారు గీత పడుతుంది. పక్కనే వన్నె తెలిసిన మచ్చు కడ్డీతో ఇంకో గీత గీస్తారు. రెండింటి మీదా నత్రికామ్లం చుక్క వేస్తే రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది. తక్కువ వన్నె గీత వెంటనే మసకబారి చెరిగిపోతుంది. ఎక్కువ వన్నెలను వేరు చేయాలంటే ఆమ్లంలో హైడ్రోక్లోరికామ్లం కూడా కలపాలి. ఆ మిశ్రమపు గాఢ రూపమే బంగారాన్ని సైతం కరిగించే ద్రవరాజం. చేయి తిరిగిన కంసాలి గీత రంగు చూసే ఒక క్యారెట్ అటూ ఇటూలో చెప్పగలడు.

ఇప్పుడు దుకాణాల్లో బల్ల మీద కనిపించే యంత్రం ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ సూత్రం మీద పని చేస్తుంది. ఎక్స్ కిరణాలు తగిలినప్పుడు పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పైకక్ష్య నుంచి ఇంకొకటి ఆ ఖాళీలోకి దిగుతూ కొంత శక్తిని మళ్ళీ ఎక్స్ కిరణంగానే వదులుతుంది. ఆ శక్తి ఒక్కో మూలకానికి ఒక్కో విధంగా ఉంటుంది. బంగారానిది వేరు, రాగిది వేరు, కేడీఎం నగల అతుకుల్లో వాడిన కాడ్మియానిది వేరు. నిమిషం లోపే ఏది ఎంత శాతమో తెర మీద వచ్చేస్తుంది. నగకు గీత పడదు, గ్రాము పోదు. లోపం ఎక్కడంటే, ఆ కిరణాలు బంగారంలో వెంట్రుక మందంలో కొంత భాగం లోతుకే చూడగలవు. దళసరి బంగారు పూత ఉన్నది మేలిమిగా కనిపించవచ్చు. ఏళ్ళ తరబడి ఆమ్లాల్లో కడిగి మెరుగు పెట్టిన పాత నగ పైపొరలో రాగి తగ్గిపోయి లోపలికంటే పైనే వన్నె హెచ్చుగా చూపుతుంది. యంత్రంలో 21 క్యారెట్లు వచ్చిన కంటె కరిగిస్తే 19 రావడం మోసం వల్లనే కానక్కరలేదు. అతుకుల్లోని తక్కువ వన్నె లోహమూ ముద్దలో కలిసింది.

అనుమానం పూర్తిగా తీరాలంటే పుటం పెట్టాల్సిందే. చిన్న తునకను సీసంతో, కొంచెం వెండితో చుట్టి, ఎముకల బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన మూసలో 1,000 డిగ్రీలు దాటిన కొలిమిలో ఉంచుతారు. సీసం తనతోపాటు రాగి వగైరాలను తీసుకుని మూసలోకి ఇంకిపోతుంది. మిగిలిన పూసను రేకుగా సాగగొట్టి నత్రికామ్లంలో వేస్తే వెండి పోతుంది. చివరికి తేలిన బంగారాన్ని తూచి శాతం చెబుతారు. శతాబ్దాల నాటి ఈ పద్ధతి వెయ్యి భాగాల్లో ఒక భాగం తేడాను కూడా పట్టగలదు. నేటికీ వివాదం వస్తే దీని మాటే నెగ్గుతుంది. నగలో తునక పోవడమే దీని ఖరీదు. కడ్డీల విషయంలో సాంద్రత చూసే పద్ధతి కూడా ఉంది కానీ, బంగారం సాంద్రత 19.3, టంగ్‌స్టన్‌ది 19.25. లోపల టంగ్‌స్టన్ దూర్చిన కడ్డీని నీటి తొట్టి పట్టుకోలేదు, శబ్ద తరంగాలు పడతాయి.

రాళ్ళ దగ్గర మదింపు ఇంకా కష్టమవుతుంది. పాత నగల్లో రాళ్ళను వెనకవైపు మూసేసి, కింద తళుకు రేకు పరచి పొదిగేవారు. తీస్తే నగ చెడుతుంది, తీయకపోతే తూచలేరు. పొడవు, వెడల్పు కొలిచి, మందం అంచనా వేసి బరువు కడతారు. రేకు రంగే రాయి రంగులా కనిపించి, తెల్లబోయిన కెంపు ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. పచ్చల పగుళ్ళలో నూనె ఇంకించడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, దాన్ని బజారు ఒప్పుకుంటుంది. కెంపు పగుళ్ళలో గాజు నింపడం అలా కాదు. భూతద్దం కింద రాయిని మెల్లగా తిప్పితే గాజు నిండిన చోట నీలి మెరుపు, చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి. అప్పుడు లక్షల రాయి వేలలోకి దిగుతుంది.

హైదరాబాదు నగలంటే ముత్యాలు. పర్షియా సింధుశాఖలో మునిగి తీసిన సహజ ముత్యాలను ఇక్కడ బస్రా ముత్యాలంటారు. జపాన్ వాళ్ళు పెంచిన గుండ్రటి ముత్యాలు 1920ల నుంచి బజారును ముంచెత్తాక సహజ ముత్యాల వ్యాపారం కుప్పకూలింది. దొరకడం అరుదై ఇప్పుడు మళ్ళీ వాటికే గిరాకీ. కంటికి రెండూ ఒకటే. ఎక్స్-రే తీస్తే సహజ ముత్యం నడిబొడ్డు దాకా ఉల్లిపొరల్లా ఉంటుంది. పెంచిన ముత్యంలో చిప్పతో చేసిన గుండ్రటి గింజ, దాని చుట్టూ పలచటి పొర కనిపిస్తాయి. అట్టడుగున మరిచిపోయిన గుట్టపూసల హారం ఈ ఒక్క పరీక్షతో కుటుంబంలో అన్నిటికంటే ఖరీదైన సొత్తుగా తేలడం సాధ్యమే. ఉల్టా కావడానికీ అంతే అవకాశం ఉంది.

వజ్రాల్లో గోల్కొండ పేరుకున్నంత విలువ మరో పేరుకు లేదు. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల్లో దొరికిన ఆ వజ్రాల్లో పేరుమోసినవి చాలావరకు నైట్రోజన్ దాదాపు లేని రకం. శాస్త్రజ్ఞులు దాన్ని టైప్ టూ-ఏ అంటారు. పరారుణ కిరణాలు పంపి చూస్తే నైట్రోజన్ లేదని తెలుస్తుంది. అయితే దక్షిణాఫ్రికా గనుల్లోనూ ఈ రకం దొరుకుతుంది, పైగా ఇప్పుడు ప్రయోగశాలలో వాయువు నుంచి పెంచే వజ్రాలు కూడా ఎక్కువగా ఇదే రకం. కనుక యంత్రం ‘గోల్కొండ కాకపోవచ్చు’ అని మాత్రమే చెప్పగలదు. ‘గోల్కొండే’ అనాలంటే పాత కాగితాలు కావాలి. గులాబీ రంగులో 34.65 క్యారెట్లున్న ‘ప్రిన్సీ’ వజ్రం నిజాం సొత్తుగా 1960లో లండన్ వేలంలో 46,000 పౌన్లకు పోయింది. అదే రాయి 2013లో న్యూయార్క్‌లో 3.93 కోట్ల డాలర్లు పలికింది. ఆ ధరలో రంగుకు, బరువుకు ఎంత వాటా ఉందో, గోల్కొండ, నిజాం అనే రెండు మాటలకూ దాదాపు అంత వాటా ఉందనుకోవచ్చు.

బంగారం, రాళ్ళు లేని వస్తువుల్లో కరిగిస్తే వచ్చే కనీస ధర అనే నేల ఉండదు. బిదరీ హుక్కా బుడ్డిలో ఉన్నది చాలావరకు జింకు. పొదిగిన వెండి కొద్దిపాటిది. పంచలోహ విగ్రహానికి ఇత్తడి ధర కట్టి పాత సామానులో వేసేసిన ఇళ్ళూ ఉన్నాయి. ఇలాంటివాటి విలువంతా వయసులో, పనితనంలో ఉంటుంది కనుక పరీక్షలూ వయసు మీదే సాగుతాయి. కాల్చిన మట్టి వస్తువైతే ఉష్ణదీప్తి పద్ధతి ఉంది. మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు చుట్టూ ఉన్న రేడియోధార్మికత నుంచి కొంచెం కొంచెంగా శక్తిని పోగేసుకుంటాయి. ఆవంలో కాల్చినప్పుడు అది ఖాళీ అయి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. నేడు రవ్వంత పొడి తీసి వేడిచేస్తే, పోగైన శక్తి వెలుగుగా బయటికొస్తుంది. వెలుగు ఎంత ఎక్కువైతే వస్తువు అంత పాతది. లోపల మట్టి గుండె ఉన్న బోలు కంచు విగ్రహాలకు కూడా ఇది పనికొస్తుంది. దక్షిణ దేశపు విగ్రహాలు ఎక్కువగా మైనపు అచ్చులో గట్టిగా పోతపోసినవి కనుక వాటిలో పరీక్షించడానికి మట్టే ఉండదు. అక్కడ కిలుం చూడాలి. వందల ఏళ్ళ కిలుం లోహపు రేణువుల సందుల్లోకి వేళ్ళు దించుకుని ఉంటుంది. నిన్న పూసిన పచ్చరంగు అసిటోన్‌లో ముంచిన దూదికి అంటుకుని వచ్చేస్తుంది.

పటాల్లో తెలుగువారికి ఎక్కువగా ఎదురయ్యేది రవివర్మ. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చు యంత్రం నుంచి వచ్చిన లక్ష్మి, సరస్వతి పటాలు ఎన్నో ఇళ్ళ పూజగదుల్లో ఉన్నాయి. ‘మా దగ్గర రవివర్మ ఉంది’ అన్నప్పుడు నూటికి తొంభై తొమ్మిది సార్లు అర్థం ఈ అచ్చు పటమే. పది రెట్లు చూపే భూతద్దం పెడితే, రాతి అచ్చులో రంగులు క్రమం లేని చిన్న చిన్న మచ్చలుగా, గరుకుగా కనిపిస్తాయి. నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా ఒకే వరుసలో పేరుకుని ఉంటే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు. చీర అంచు మీద జరీ, చమ్కీలు కుట్టిన పాత అచ్చు పటాలకు సేకర్తల్లో ప్రత్యేకమైన గిరాకీ ఉంది. పూజగది పొగ, పసుపు మరకలు దాన్ని తగ్గిస్తాయి. నిజంగా నూనెరంగుల చిత్రమే అయితే బంగారం చూసిన ఎక్స్-రే యంత్రమే ఇక్కడా పనికొస్తుంది. రవివర్మ 1906లో పోయారు. టైటానియం తెలుపు బజారులోకి వచ్చింది ఆ తర్వాత పదేళ్ళకు గానీ కాదు. చిత్రంలో ఆ తెలుపు కనిపిస్తే అది నకిలీ, లేదా ఎవరో తర్వాత చేయి చేసుకున్న చోటు. ఈ రెండో అవకాశాన్ని మరిచి వెంటనే నకిలీ అని తేల్చేవాడు మంచి మదింపుదారు కాడు.

శాస్త్ర పరీక్షలన్నీ నెగ్గిన వస్తువు కూడా చేతులు మారిన చరిత్ర దగ్గర ఓడిపోవచ్చు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రానికి చెందిన సున్నపురాయి శిల్పం, బుద్ధుణ్ణి కొలిచే భక్తులది, 2005లో దాదాపు 6 లక్షల డాలర్లకు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. రాయి అసలైనదే, క్రీస్తు శకం మూడో శతాబ్దిదే. చోరీకి ముందు తీసిన ఫొటో బయటపడటంతో 2016లో భారతదేశానికి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే పెద్ద మదింపుల్లో ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది, ఏ రసీదుతో అన్న వరుసకు సగం పని పడుతుంది. తాతగారు నగ చేయించిన షరాబు రసీదు, పెళ్ళి ఫొటోలో అమ్మమ్మ మెడలో అదే నగ ఉండటం కూడా ఈ సాక్ష్యం కిందికే వస్తాయి. ఇల్లు తవ్వుతుంటే దొరికినదైతే దారి వేరు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ మారలేదు.

చట్టం ధరను ఎలా బిగిస్తుందో నిజాం నగల వ్యవహారం చూపుతుంది. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద నూరేళ్ళు దాటిన వస్తువులను, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులను, కళానిధులుగా ప్రకటించిన చిత్రాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్ చిత్రాలు ఆ కళానిధుల్లోవి. 2023లో షేర్‌గిల్ చిత్రం ఒకటి ఢిల్లీలో 61.8 కోట్ల రూపాయలు పలికినా, ఆ వేలంలో గెలిచినవారు చిత్రాన్ని ఇక్కడే ఉంచుకోవాలి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952లలో నగలను ట్రస్టుల కింద పెట్టారు. ఆయన తర్వాత అమ్మకం మాట వచ్చినప్పుడు విదేశీ వేలం దారి మూసుకుపోయింది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగాక 1995లో 173 నగలను కేంద్రం 218 కోట్లకు, అంటే అప్పటి మారకంలో సుమారు 7 కోట్ల డాలర్లకు కొన్నది. వాటిలో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ఒకటి. ఇప్పుడు 105.6 క్యారెట్లున్న కోహినూరు కంటే అది బరువైనది; అయితే జాకబ్ వజ్రం గోల్కొండది కాదు, దక్షిణాఫ్రికాది. 1891లో అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మబోయినప్పుడు ధర మీద రేగిన గొడవ కలకత్తా హైకోర్టుకెక్కింది. తండ్రి చెప్పు ముందుభాగంలో దొరికిన ఆ రాయిని కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా వాడుకున్నారని చెబుతారు. కొనేవారు ఒక్కరే, బయటికి పంపడానికి వీల్లేదు అన్న పరిస్థితిలో తేలిన 218 కోట్లను న్యాయమైన బజారు విలువ అనడం కష్టం.

మామూలు ఇళ్ళకు వస్తే మదింపు చివరికి చేరేది బీమా కాగితంలోకి. 2021లో వచ్చిన భారత్ గృహ రక్షా పాలసీలో నగలు, చిత్రాలు, పురాతన వస్తువులకు ముందే ఒప్పుకున్న విలువ మీద అదనపు రక్షణ తీసుకోవచ్చు. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే విలువ పత్రం అక్కర్లేదు, దాటితే కావాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళ సంగతి వేరే. అక్కడి మామూలు ఇంటి బీమాలో నగలు దొంగతనానికి పోతే చాలావరకు 1,500 డాలర్లకు మించి రాదు. పెళ్ళి నగలన్నీ ఒక్కొక్కటిగా మదింపు చేయించి పాలసీకి విడి జాబితాగా జత చేసుకోవాలి.

ఆ జాబితా ఎలా ఉండాలన్నది వాల్యూయర్ పనితనానికి అసలు పరీక్ష. ‘బంగారు గొలుసు, 1’ అని రాసిన పత్రం దావాలో చెల్లదు. నికర బరువు, వన్నె, దాన్ని ఏ పద్ధతిలో తేల్చారు, రాళ్ళ కొలతలు, తూచారా అంచనా వేశారా, విరుపులు, అతుకులు, నగ పక్కన కొలబద్ద పెట్టి తీసిన ముందు వెనక ఫొటోలు, ఏ తేదీ నాటి విలువ, ఏ పని కోసం కట్టినది, అన్నీ ఉండాలి. విలువలో ఇంత శాతమని ఫీజు తీసుకుంటే విలువ పెంచిన కొద్దీ లాభం వస్తుంది కనుక, అమెరికాలో మదింపుదారుల ప్రమాణాలు అలాంటి ఫీజును ఒప్పుకోవు. జతల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కెంపుల కమ్మల్లో ఒకటి పోతే, మిగిలినదాని విలువ సగానికి చాలా తక్కువ. ఒంటి కమ్మను కొనేవారు ఉండరు, రంగు కలిసే కెంపు దొరకదు. పత్రంలో ‘జత, రెండూ కలిపి’ అని రాసి, ఒకటి పోతే బీమా ఏ లెక్కన ఇస్తుందో పాలసీలో ముందే చూసుకుంటారు. బంగారం ధర పెరిగే రోజుల్లో ఈ పత్రాన్ని రెండు మూడేళ్ళకోసారి తిరగరాయించుకోకపోతే, పాత విలువ మీదే చెల్లింపు వస్తుంది.